రాజీనామా కాగితం ఇచ్చారు, సంతకం పెట్టేయనా?

గాజువాక నుంచి ఒక పాఠకురాలు రాసిన ఉత్తరం ఇది. తన పేరు గానీ, పనిచేసే చోటు గానీ వేయవద్దన్నారు. ఉత్తరం చాలా పెద్దది, అందుకని సారాంశం మాత్రం ఇస్తున్నాం.

ఆమె వయసు 27. డిగ్రీ అయ్యాక కంప్యూటర్ కోర్సు చేసి, మూడేళ్లుగా ఒక కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థ స్టోర్స్‌లో కాంట్రాక్టర్ కింద డేటా ఎంట్రీ పని చేస్తున్నారు. జీతం 17,500. ఇప్పుడు ఐదో నెల, తొలిచూలు. సంగతి తెలిసిన వారానికే సూపర్‌వైజర్ నలుగురి ముందూ, "ఏటమ్మా, ఈ కడుపుతో ఎన్నాళ్లు లాగుతావు? ఇప్పుడు మానీ. పురుడైనాక రా, సూద్దాం" అన్నాడట. కొద్ది రోజులకు ఇంగ్లిషులో టైపు చేసిన కాగితం ఒకటి చేతిలో పెట్టాడు. 'వ్యక్తిగత కారణాల వల్ల స్వచ్ఛందంగా రాజీనామా చేస్తున్నాను' అని అంతా సిద్ధంగా ఉంది, పేరూ తేదీ మాత్రం ఖాళీ. ఆమె ఇంకా సంతకం పెట్టలేదు. ఈలోగా తోటివాళ్ల గేట్ పాస్‌లన్నీ రెన్యువల్‌కి వెళ్లాయి, ఈమెది మాత్రం బల్ల మీదే ఉండిపోయింది. నెలాఖరుతో పాస్ గడువు అయిపోతుంది. ప్రసూతి సెలవు సంగతి అడిగితే కాంట్రాక్టర్ ఆఫీసులో, "పాత మెటర్నిటీ చట్టం రద్దయిపోయింది, ఇప్పుడన్నీ కొత్త కోడ్‌లు, కాంట్రాక్టు వాళ్లకు అవేవీ రావు. అయినా మా టెండరే ఇంకో నాలుగు నెలల్లో అయిపోతోంది" అన్నారట.

ఇంట్లో సంగతి వేరు. ఆడపడుచు నేవీలో షార్ట్ సర్వీస్ ఆఫీసరు, పోస్టింగ్ కూడా విశాఖలోనే. పోయినేడు నేవీ ఆసుపత్రి ఐఎన్‌హెచ్‌ఎస్ కల్యాణిలో పురుడు పోసుకుని, పూర్తి జీతంతో ఆరు నెలలు సెలవు తీసుకుని, మళ్లీ తన సీట్లో కూర్చున్నారు. అత్తగారు ఊరుకోకుండా, "దానిది దేశం కోసం సేసే ఉజ్జోగం. నీదేటి, కాంట్రాక్టు కూలీ" అన్నారట. భర్త పోర్టు దగ్గర ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో గుమాస్తా, 'గొడవెందుకు, మానెయ్' అంటున్నారు. డాక్‌యార్డ్‌లో చేసి రిటైరైన మామగారు పేపర్ చదువుకుంటూ ఏమీ అనరు. ఆడపడుచు మాత్రం "మా సీనియర్ చేత ఒక ఫోన్ చేయించమంటావా వదినా?" అని అడిగారు. ఈమె జవాబు చెప్పలేదు. ఆడపడుచు బిడ్డ బారసాల నాడు మనసారా నవ్వలేకపోయాననీ, ఉయ్యాల ఊపుతూ కూడా ఆమె సెలవులూ తన జీతమూ లెక్కేసుకున్నాననీ చివర్లో రాశారు. 'సంతకం పెట్టేయనా, ఫోన్ చేయించమననా, ఇలా కుళ్లుకుంటున్న నేను చెడ్డదాన్నా?' అన్నవి ఆమె ప్రశ్నలు.

సమాధానం:

అమ్మా, ఆ కాగితం మీద ఇప్పుడే సంతకం పెట్టకండి. చివరికి మానేయాలనే నిర్ణయించుకున్నా సరే, ముందు ఈఎస్ఐ (ఉద్యోగుల రాజ్య బీమా) బ్రాంచి ఆఫీసుకు ఒకసారి వెళ్లొచ్చి, తర్వాత పెట్టండి. ఆలస్యం చేసినందువల్ల మీకు పోయేదేమీ లేదు. చించేయకండి కూడా. మిమ్మల్ని వాళ్లే పొమ్మన్నారనడానికి ఇప్పటికి మీ చేతిలో ఉన్న సాక్ష్యం అదొక్కటే. ఫోన్‌లో ఫొటో తీసి, అసలుది ఇంట్లో దాచండి.

వాళ్లు మిమ్మల్ని తీసేయలేదన్న సంగతి గమనించారా? తీసేస్తున్నాం అని రాసిస్తే కారణం చెప్పాలి. గర్భం అని రాయలేరు, పనిలో తప్పు చూపలేరు. అందుకే ఆ 'వ్యక్తిగత కారణాలు', ఆ 'స్వచ్ఛందంగా'. ఆ రెండు మాటల కింద మీ సంతకం పడితే జరిగిన అన్యాయం రికార్డులోంచి మాయమైపోతుంది. రేపు మీరు ఏ ఆఫీసుకు వెళ్లినా ముందు ఆ కాగితమే తీసి చూపిస్తారు. పురుడయ్యాక తీసుకుంటామన్న మాటకు కాగితం లేదు, మీ రాజీనామాకు మాత్రం ఉంటుంది. ఒకవేళ నిజంగానే మళ్లీ తీసుకున్నా మీ మూడేళ్ల సర్వీసు సున్నా నుంచి మొదలవుతుంది, గ్రాట్యుటీ లెక్క మళ్లీ మొదటికొస్తుంది.

ఇక డబ్బు సంగతి. మీరు జీతం 17,500 అని రాశారు గానీ జీతం చీటీలో కోతల గురించి రాయలేదు. ఒకసారి తీసి చూడండి. ఈఎస్ఐ అని 132 రూపాయలు కోసి ఉండాలి. జీతంలో 0.75 శాతం మీ వంతు, 3.25 శాతం యజమాని వంతు. నెలకు 21,000 లోపు జీతగాళ్లకు ఇది వర్తిస్తుంది. కాంట్రాక్టు, పర్మినెంటు అన్న తేడా ఇందులో లేదు. ఆ 132 ఉంటే, మీ ప్రసూతి సెలవు కాలానికి డబ్బు ఇచ్చేది కాంట్రాక్టర్ కాదు, ఈఎస్ఐ కార్పొరేషన్. 26 వారాలు, సగటు రోజు వేతనం పూర్తిగా. అందులో కాన్పుకు ముందు ఎనిమిది వారాల దాకా వాడుకోవచ్చు. మీ జీతం లెక్కన అటూ ఇటూగా లక్ష రూపాయలు. అంతకు ముందటి రెండు చందా కాలాల్లో, అంటే ఏప్రిల్ నుంచి సెప్టెంబర్, అక్టోబర్ నుంచి మార్చి అనే ఆరేసి నెలల్లో, కనీసం 70 రోజులకు చందా పడి ఉండాలి. మూడేళ్లుగా మానకుండా చేస్తున్నారు కాబట్టి మీకది ఇబ్బంది కాదు. వైద్యం ఎటూ ఉంది, మల్కాపురం ఈఎస్ఐ ఆసుపత్రి మీకు దగ్గరే.

మీ కాంట్రాక్టర్ 'నేనెక్కడి నుంచి తెచ్చివ్వను' అన్నట్టు మాట్లాడుతున్నాడు గానీ, అతని జేబులోంచి పోయేది దాదాపు ఏమీ లేదు. ఆరు నెలలకు ఇంకో మనిషిని వెతుక్కోవాలి, అంతే. ఆ చికాకు తప్పించుకోవడానికి మీకు రావలసిన లక్షను పోగొట్టుకోమంటున్నాడు.

అయితే చందా కోయడం వేరు, కట్టడం వేరు. కోసి కట్టని మహానుభావులు కాంట్రాక్టర్లలో ఉన్నారు. ప్రభుత్వ ఉమంగ్ యాప్‌లో మీ ఈఎస్ఐ నంబరు కొట్టి చూస్తే ఏ నెలకు ఎంత పడిందో తెలుస్తుంది. కట్టకపోతే అది అతని నేరం, మీది కాదు. పైగా కాంట్రాక్టు కార్మికుల ఈఎస్ఐ చందాకు మొదట జవాబుదారీ ప్రధాన యజమాని, అంటే మీరు పనిచేస్తున్న ఆ ప్రభుత్వ రంగ సంస్థే. 'వాళ్లు మా మనుషులు కారు' అని ఆఫీసర్లు అనే మాట ఇక్కడ చెల్లదు.

'చట్టం రద్దయిపోయింది' అన్న మాట సగం నిజం. సగం నిజం కాబట్టే మీరు తడబడ్డారు. 2025 నవంబర్ 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టం 2020 సామాజిక భద్రత కోడ్‌లో కలిసిపోయింది. పేరు మారింది గానీ 26 వారాలు అలాగే ఉన్నాయి. ఈఎస్ఐ లేనివాళ్లకు ఏడాదిలో 80 రోజులు పనిచేస్తే యజమానే ఇవ్వాలన్న నియమమూ ఉంది. ప్రసూతి సెలవులో ఉందన్న కారణంతో ఉద్యోగం తీసేయకూడదన్న నిషేధమూ ఉంది. మీకా మాట చెప్పినాయనకు ఇదంతా తెలియదనుకోను.

కాంట్రాక్టు వాళ్లకు రావన్న మాటైతే పూర్తిగా అబద్ధం. ఢిల్లీ మునిసిపల్ కార్పొరేషన్‌లో మస్టర్ రోల్ (హాజరు పట్టీ) మీద రోడ్డు పనులు చేసే దినకూలీ మహిళలు, పర్మినెంటు వాళ్లకిచ్చే ప్రసూతి సెలవు తమకెందుకివ్వరని అడిగారు. సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2000 మార్చి 8న, సరిగ్గా మహిళా దినోత్సవం నాడు, ఇవ్వాల్సిందేనని తీర్పొచ్చింది. తట్ట మోసే మనిషికే ఆ హక్కు ఉంటే, స్టోర్స్‌లో ఇండెంట్లు ఎక్కించే మీకు లేకుండా ఎలా పోతుంది?

టెండర్ అయిపోతుందన్న బెదిరింపును మాత్రం కొంచెం జాగ్రత్తగా చూడాలి. 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు మరో తీర్పిచ్చింది. ఢిల్లీలో ఒక ప్రభుత్వ ఆసుపత్రి వైద్యురాలిది మూడేళ్ల కాంట్రాక్టు. గడువు ముగిసిన రోజుతోనే ప్రసూతి ప్రయోజనమూ ఆగిపోతుందని ఆసుపత్రి వాళ్లన్నారు. కాంట్రాక్టు గడువు దాటినా ఆ ప్రయోజనం పూర్తిగా ఇవ్వాల్సిందేనని కోర్టు తేల్చింది. అంటే టెండర్ అయిపోయినా డబ్బు ఆగదు. ఉద్యోగం మాటకొస్తే నేను అంత ధీమాగా చెప్పలేను. కొత్త కాంట్రాక్టర్ వస్తే పాతవాళ్లను తీసుకోవడమన్నది మన దగ్గర అలవాటుగా, యూనియన్ ఒత్తిడి వల్ల నడుస్తోందే తప్ప, ప్రతి ఒక్కరినీ తీసుకుని తీరాలన్న హామీ మీ చేతిలో లేదు. డబ్బునూ ఉద్యోగాన్నీ మనసులో విడివిడిగా పెట్టుకుంటే మీకు నిర్ణయం తేలికవుతుంది.

ఇప్పుడు మీ ముందున్న దారులు. సంతకం పెట్టి వెళ్లిపోవడం ఎలా ఉంటుందో పైన చెప్పాను. నిజంగా ఒంట్లో బాగాలేక మానేయాలనిపిస్తే తప్పేం లేదు, కానీ అది సెలవుగా మొదలుపెట్టండి. ఈఎస్ఐ డాక్టరు విశ్రాంతి రాస్తే దానికి వేరే ప్రయోజనం ఉంది. ఆ తర్వాత ప్రసూతి సెలవు. అదీ అయ్యాక, మీ బిడ్డను చూసుకుని, మీకు నచ్చిన తేదీన, మీ సొంత మాటల్లో రాజీనామా రాయొచ్చు.

రెండోది, గొడవ లేకుండా కాగితం నడపడం. ఒక పేజీ ఉత్తరం చాలు, తెలుగులోనే రాయండి. నేను గర్భవతిని, కాన్పు ఫలానా తేదీకి అని డాక్టర్ రాశారు, ఫలానా తేదీ నుంచి ప్రసూతి సెలవు కావాలి, నా గేట్ పాస్ రెన్యువల్‌కు పంపలేదు, పంపగలరు. ఇంతే. తిట్లు వద్దు, సూపర్‌వైజర్ అన్న మాటలూ ఇందులో వద్దు. ఆ మాటలు తేదీతో, విన్న వాళ్ల పేర్లతో వేరే పుస్తకంలో రాసుకోండి. ఉత్తరం కాంట్రాక్టర్‌కు స్పీడ్ పోస్టులో పంపి, నకలు ప్రధాన యజమాని పర్సనల్ విభాగానికి ఇచ్చి, రెండో కాపీ మీద ముద్ర వేయించుకోండి. పాస్ ఆపడంలో ఉన్న కిటుకు ఏమిటంటే, ఎవరూ మిమ్మల్ని తీసేసినట్టు ఉండదు. గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్లు ఆపుతారు, మీరు నాలుగు రోజులు ఇంట్లో కూర్చుంటారు, తర్వాత 'చెప్పకుండా మానేసింది' అని రాసుకుంటారు. నెలాఖరు లోపల ఈ ఉత్తరం వాళ్లకు చేరి ఉంటే ఆ మాట అనలేరు. చాలాచోట్ల వ్యవహారం ఇక్కడితోనే సర్దుకుంటుంది, ఎందుకంటే పర్సనల్ విభాగం వాళ్లు తమ ఫైల్లోకి ఇలాంటి కాగితం రావడం ఇష్టపడరు.

సర్దుకోకపోతే మూడో దారి, ఫిర్యాదు. మీది కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థ ఆవరణలో పని కాబట్టి రాష్ట్ర లేబర్ ఆఫీసుకు కాక, విశాఖలోనే ఉన్న కేంద్ర ప్రాంతీయ లేబర్ కమిషనర్ కార్యాలయానికి వెళ్లాలి. చాలామంది ఇక్కడే తప్పు గుమ్మం తొక్కి నెల రోజులు పోగొట్టుకుంటారు. లాయరు కావాలంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా ఇస్తుంది. ఆడవాళ్లకు దానికి ఆదాయ పరిమితి లేదు, 15100కు ఫోన్ చేసినా చెబుతారు. కానీ దీనికి ధర ఉంది. గాజువాక, మల్కాపురం, పెదగంట్యాడల్లో కాంట్రాక్టర్లందరూ ఒకరికొకరు తెలిసినవాళ్లే. 'కేసు పెట్టిన అమ్మాయి' అన్న పేరు మీకంటే ముందు తర్వాతి ఆఫీసుకు చేరొచ్చు. ఐదో నెలలో ఆఫీసుల చుట్టూ తిరగడం ఒంటికీ మంచిది కాదు. ఇది భరించగలరా లేదా అన్నది మీకే తెలుస్తుంది. రెండో దారిలో వెళ్లి ఆగినా మీరు ఓడిపోయినట్టు కాదు.

ఆడపడుచు ఫోన్ మాట. పనిచేస్తుంది, అందులో నాకు అనుమానం లేదు. నేవీ ఆఫీసర్ నుంచి ఫోనంటే మన ఊళ్లో ఏ కాంట్రాక్టరైనా లేచి నిలబడతాడు. మీ పాస్ సాయంత్రానికి తయారవుతుంది. కానీ ఆ క్షణం నుంచి మీరు హక్కున్న ఉద్యోగి కారు, సిఫారసు మనిషి. రేపు ఆవిడకు కొచ్చికో ముంబయికో బదిలీ అయితే ఆ గౌరవమూ ఆవిడతోపాటే వెళ్లిపోతుంది. పైగా సొంత మనిషి కోసం యూనిఫాం పలుకుబడి వాడారని ఎవరైనా రాసి పడేస్తే, నష్టం ఆవిడ సర్వీసుకు. మంచి మనసుతో అడిగారు, కాదనకండి. 'ఫోన్ వద్దు, నా ఉత్తరం రాయడానికి ఒక గంట కూర్చో' అనండి. సర్వీసులో ఉన్నవాళ్లకు ఏ మాట ఎంతవరకు రాయాలో బాగా తెలుస్తుంది.

మీ అత్తగారి మాట దగ్గర కొంచెం ఆగుతాను. దేశసేవ కాబట్టి కూతురికి సెలవిచ్చారని ఆవిడ అనుకుంటున్నారు. చరిత్ర అలా లేదు. 1957 నాటి నేవీ చట్టంలోనే, కేంద్రం ప్రత్యేకంగా నోటిఫై చేసిన శాఖల్లో తప్ప ఆడవాళ్లు నౌకాదళానికి అర్హులు కారని రాసి ఉంది. 1991లో నోటిఫికేషన్ వస్తే, 1992లో విద్య, న్యాయ, లాజిస్టిక్స్ శాఖల్లో మాత్రం తలుపు తెరిచారు. అది కూడా కొన్నేళ్ల కోసమే. రిటైరయ్యేదాకా సర్వీసులో ఉండనిచ్చే పర్మినెంట్ కమిషన్ కోసం ఆ ఆఫీసర్లే కోర్టుకెక్కారు, 2020 మార్చి 17న సుప్రీంకోర్టు చెబితే గానీ కాలేదు.

మిలటరీ నర్సింగ్ సర్వీసులో ఇంకా ఘోరం. పెళ్లి చేసుకుంటే ఉద్యోగం పోతుందని 1977 నాటి సైనిక నిబంధన ఒకటి ఉండేది. సెలీనా జాన్ అనే లెఫ్టినెంట్‌ను 1988లో ఆ కారణంతోనే పంపించేశారు. నిబంధనను 1995లో ఎత్తేశారు గానీ ఆమె పోరాటం 2024 ఫిబ్రవరి దాకా సాగింది. అది పచ్చి లింగ వివక్ష అని చెప్పి, 60 లక్షలు ఇమ్మని సుప్రీంకోర్టు ఆదేశించింది. అప్పటికి 36 ఏళ్లు గడిచిపోయాయి. ఆఫీసర్లకిచ్చే 180 రోజుల సెలవు, సెయిలర్లుగా, సైనికులుగా చేరిన ఆడవాళ్లకూ సమానంగా ఇవ్వాలని రక్షణ మంత్రి ఆమోదించింది 2023 నవంబర్‌లో. యూనిఫాం లోపల కూడా హోదాను బట్టి తేడా ఉండేదన్నమాట.

బయటా అంతే. మొదటిసారి గర్భం వస్తే ఎయిర్ హోస్టెస్ ఉద్యోగం పోతుందన్న ఎయిరిండియా నిబంధనను సుప్రీంకోర్టు 1981లో కొట్టేసింది. ఎల్ఐసీలో ఒక ఉద్యోగిని ప్రొబేషన్‌లో ఉండగా ప్రసూతి సెలవు అడిగితే, చేరేటప్పుడు నెలసరి తేదీ తప్పు రాసిందని ఇంటికి పంపారు. నెలసరి వివరాలు అడిగే ఫారమే అవమానకరమని కోర్టు మందలించి, 1991లో ఆమెను వెనక్కి తీసుకోమంది. ఇవేవీ ఎవరో దయతలచి ఇచ్చినవి కావు. మీ ఆడపడుచు తీసుకున్న ఆరు నెలలూ, మీరు అడగబోయే 26 వారాలూ ఇలా పోట్లాడిన ఆడవాళ్ల వల్లే వచ్చాయి. అత్తగారికి ఇదంతా ఉపన్యాసంలా చెప్పమనడం లేదు, చెప్పినా వినరు. 'నీదేటి' అన్న మాటకు మీరు లోపల్లోపల తలూపుతున్నారేమోనని నా అనుమానం, అందుకని మీకు చెబుతున్నాను.

మీ ఆయన సంగతి. 'గొడవెందుకు' అనే మగవాళ్లందరూ పిరికివాళ్లు కారు. ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో పని అంటే ఆయనకూ కాంట్రాక్టర్లతోనే రోజూ లావాదేవీ. మీ ఉత్తరం తన ఉద్యోగానికి ఎక్కడ తగులుతుందోనన్న భయం ఉండొచ్చు, నోటితో చెప్పలేకపోతున్నారేమో. సూటిగా అడగండి. మానేయమని అంటే ఆ లక్ష రూపాయల లెక్క కాగితం మీద వేసి చూపించండి. 'నా తరఫున పోట్లాడు' అని అడిగితే వెనక్కి తగ్గే మనిషి, 'నాతో ఈఎస్ఐ ఆఫీసుకు రా, ఒక పూట' అంటే వస్తారు. మామగారిని కూడా వదలకండి. డాక్‌యార్డ్‌లో చేసిన మనిషికి యూనియన్ వాళ్లు ఎవరో ఒకరు తెలియకుండా ఉండరు, ఆయన్నెవరూ అడగక ఊరుకున్నారేమో.

చెడ్డదాన్నా అని అడిగారు. ఒకే ఇంట్లో ఒకరికి నిండు జీతంతో సెలవు, ఇంకొకరికి రాజీనామా కాగితం. ఉయ్యాల ఊపుతూ ఆ లెక్క వేయకుండా ఉండడం ఎవరి తరం? మీ కోపం పోవలసిన చోటికి కాకుండా ఆవిడ మీదికి మళ్లింది, ఎందుకంటే కాంట్రాక్టర్ కంటే ఆవిడ దగ్గరగా కనిపిస్తున్నారు. ఉత్తరం రాయడానికి ఇద్దరూ ఒకచోట కూర్చున్నాక అది చాలావరకు దిగిపోతుందనుకుంటాను. బారసాల నాటి సంగతి ఆవిడతో చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం. నేనైతే కాన్పయ్యేదాకా ఆగుతాను.